రెండు రాత్రుల దుబాయి

నాకు ముప్ఫై నిండుతున్నాయని మా ఆఫీసు దోస్తులు వాట్సాప్‌లో గ్రూపు పెట్టేశారు. శుక్రవారం రాత్రి శంషాబాద్‌లో ఎక్కితే నాలుగు గంటల్లో దిగుతాం, ఆదివారం రాత్రి వాపసు, సోమవారం మళ్లీ లాగిన్. బాకూ, బ్యాంకాక్ కూడా లిస్టులో ఉన్నాయి గానీ ఓట్లన్నీ దుబాయికే పడ్డాయి. నేనూ దానికే వేశాను. వేశాక చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

మాది వర్ని దగ్గర చందూర్. మా దిక్కు దుబాయి అంటే నగరం పేరు కాదు, ఒక పని పేరు. మస్కట్‌కు పోయినా, కువైట్‌కు పోయినా ‘దుబాయి పోయిండు’ అనే అంటారు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అనే మూడు బాయిల లెక్కలో మా బాపుది మూడోది. 1997లో పోయిండు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు 2008లో గానీ రాలేదు, కాబట్టి బొంబాయి దాకా బస్సు, అక్కడ ఏజెంటు చూపించిన రూములో పదిహేను రోజుల పడిగాపులు, ఆ తర్వాతే విమానం. షట్టరింగ్ పని. 2009లో మాంద్యం దెబ్బకు పనులు ఆగిపోతే తిరిగొచ్చిండు. పన్నెండేండ్లలో నేను ఆయన్ని చూసింది నాలుగు సెలవులు.

ఇప్పుడు అదే ఊరికి నేను కేకు కోసుకోవడానికి పోవచ్చా?

ఈ ప్రశ్నకు రెండు జవాబులు రెడీమేడ్‌గా దొరుకుతాయి. ‘ఆయన కష్టపడ్డది నువ్వు సుఖపడాలనే కదా’ అనేది మొదటిది. దోస్తులంతా అదే అన్నారు, ప్రేమగానే అన్నారు. కానీ అలా అంటే బాపు పన్నెండేండ్లు నా ట్రిప్పుకు ముందుగా కట్టిన ఈఎంఐ అయిపోతాయి. ఆయన కట్టింది దీనికి కాదు. పోవడానికి తెచ్చిన అప్పు మిత్తికి, మేనత్త పెండ్లికి, నా ఫీజులకు, బోరుకు. ఆ బోరు కింద వేసిన చెరుకు కూడా, బోధన్ షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డాక, తీసెయ్యాల్సి వచ్చింది. ఆయన కష్టానికి ఫలితం నా సెల్ఫీ అని చెప్పడం లెక్కను మనకు నచ్చినట్టు తిరగరాయడమే.

రెండోది సిగ్గు. పోకు, ఆ డబ్బుతో ఏదైనా మంచిపని చెయ్. పీటర్ సింగర్ 1972లో రాసిన వ్యాసం ఇక్కడ గుర్తొస్తుంది: చెరువులో పిల్లవాడు మునిగిపోతుంటే బట్టలు పాడవుతాయని ఆగుతామా అని అడుగుతాడు. గట్టి ప్రశ్నే. కానీ నా ఇబ్బంది డబ్బు గురించి కాదు. టికెట్ క్యాన్సిల్ చేసి పైసలు పంపిస్తే బాపు నాలుగు తిడతాడు, అంతే. పైగా సిగ్గుపడాలంటే ఆయన్ని ముందు ఒట్టి బాధల బొమ్మను చెయ్యాలి. బాపు చెప్పే దుబాయి అట్లా ఉండదు. సోనాపూర్ క్యాంపులో ఎనిమిది మంది రూము, శుక్రవారం బట్టలుతకడం, చిరంజీవి సినిమా క్యాసెట్టు, ఒక పాకిస్తానీ దోస్తు వండే మటన్. ఇవి చెప్తూ నవ్వుతాడు. ఆ నవ్వును నా సిగ్గు కోసం తీసేసే హక్కు నాకెక్కడిది?

మరి నన్ను గుచ్చుతున్నది ఏమిటని వెతికితే చాలా చిన్న విషయం దొరికింది. బాపు పుట్టినరోజు మాకెవరికీ తెలియదు. పాస్‌పోర్టులో జులై 1 ఉంటుంది, బడిలో సారు రాసిన తారీఖు. నానమ్మను అడిగితే ‘పాకిస్తాన్‌తోని లడాయి అయిన ఏడు, వరికోతలప్పుడు’ అంటుంది. అంటే 1965. ఆ సంవత్సరం పేరు విశ్వావసు. అరవై ఏండ్ల చక్రం తిరిగి 2025 ఉగాదికి మళ్లీ విశ్వావసే వచ్చింది. షష్టిపూర్తికి తారీఖు తెలియకపోయినా నడుస్తుంది, సంవత్సరం పేరు చాలు. అంటే నా ముప్ఫై, ఆయన అరవై ఒకే ఏడు పడ్డాయి. ఒకదానికి వాట్సాప్ గ్రూపు లేచింది. రెండోది ఇంట్లో ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

బాపుకు ఫోన్ చేశాను. నువ్వు కూడా రా అన్నాను. నవ్విండు.

“రూముకెంత బిడ్డా?”

“రాత్రికి నాలుగు వందల దిర్హాములు.”

“రెండు రాత్రులకు ఎనిమిది నూర్లు. నా నెల జీతం అంతే ఉండె.” గొంతులో ఏ బాధా లేదు, తెలిసిన మనిషి ఎదురుపడ్డట్టు అన్నడు. “నేను రాను. నువ్వు పోయిరా. శుక్రారం మాత్రం దేరాల తిరగకు, అందరికీ సుట్టే, కాలు పెట్ట సందుండదు.”

2022 నుంచి అక్కడ సర్కారు సెలవులు శని, ఆదివారాలకు మారాయని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. “అయితే శుక్రారం అందరు ఏం జేస్తరు?” అన్నడు.

అప్పుడు అర్థమైంది, బాపు ఉన్న దుబాయికి టికెట్ ఎవరూ అమ్మడం లేదని. ఆయన ఉన్నప్పుడు లేస్తూ ఉన్న ఆ 828 మీటర్ల టవర్ పేరు బుర్జ్ దుబాయి. 2010 జనవరి 4న తెరిచిన రోజే బుర్జ్ ఖలీఫా అయింది. అప్పటికి ఆయన చందూర్‌లో ఉన్నాడు, ఇప్పటికీ పాత పేరుతోనే అంటాడు. ఏం తేవాలి అంటే ఏమీ వద్దన్నాడు. “బుర్జ్ దుబాయి ఎక్కినంక ఫోన్ జెయ్. సోనాపూర్ ఎటు దిక్కు కనవడ్తదో చూపియ్. ఏర్పోర్టు దాటినంక ఉంటది.”

వాట్సాప్ వీడియో కాల్ అక్కడ పనిచెయ్యదట. రికార్డు చేసి పంపాలి. ఈలోపు అమ్మ వర్ని పంతులుతో మాట్లాడింది. విశ్వావసు మార్చి 19 ఉగాదితో అయిపోతుంది కాబట్టి అంతకుముందే ముహూర్తం పెట్టమన్నది. బాపు మాత్రం ఇప్పుడెందుకివన్నీ అని గొణుగుతూనే, కొత్త పంచె జరీ ఉన్నది వద్దు, సాదాది చాలన్నాడట.