ఒప్పుకొనుట చాలునా?

1860 దశకములో జర్మనీనుండి హెర్మన్స్‌బర్గు మిషనరీలు నెల్లూరు సీమకు వచ్చి మన తెలుగువారికి సువార్త చెప్పిరి. ఆ మేలు మరువము; అయినను మేలు పేర తప్పును దాచరాదు. అదే జర్మనీవారు ఆఫ్రికాలో, నేటి నమీబియాలో, హెరెరో ప్రజల భూములను, పశువులను లాగుకొనిరి. వారు తిరుగబడగా 1904లో సేనాని ఫాన్ ట్రోటా వారిని నిర్మూలము చేయ నాజ్ఞాపించెను. వేలాదిమంది ఎడారిలో దాహముతో చనిపోయిరి.

2021లో జర్మనీ దానిని జాతిసంహారమని ఒప్పుకొని, 30 సంవత్సరములలో 110 కోట్ల యూరోలు సహాయముగా ఇచ్చెదమనెను. నష్టపరిహారమని మాత్రము అనలేదు. సహాయము దయ, పరిహారము బాకీ. జక్కయ్య తాను అన్యాయముగా తీసికొన్నదానిని బాకీగానే యెంచి, నాలుగు రెట్లు తిరిగి ఇచ్చుటకు సిద్ధపడెను.

మన జనగామ, మహబూబాబాదు పల్లెలలో పొరుగువాని గెట్టు జరిపినవాడు మందిరములో కన్నీరు కార్చినంతమాత్రమున ఆ గెట్టు వెనుకకు జరుగునా?