లాహోర్ వాళ్ళు, కరాచీ వాళ్ళు, మధ్యలో ఉర్దూ

"లాహోర్ వాళ్ళు గొంతెత్తి నవ్వుతారు, కరాచీ ఉర్దూ వాళ్ళు పళ్ళు కనపడకుండా నవ్వుతారు. ఇంత చరిత్ర చదివి మీరు తేల్చింది ఇంతేనా పెద్దనాన్నా?"

"అది చరిత్ర కాదు బిడ్డా, జోకు. ఉర్దూ మాట్లాడేటోడికి పంజాబీవాడు మోటు మనిషి. పంజాబీవాడికి ఉర్దూవాడు 'ముందు మీరెక్కండి' అంటే 'ముందు మీరెక్కండి' అనుకుంట రైలు పోగొట్టుకునేటోడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకునే జోకులను పట్టుకొని సంస్కృతి అంటే ఎట్ల?"

పెద్దనాన్నకి అక్షరాభ్యాసం తెలుగులో, బడి చదువు ఉర్దూలో. పోలీస్ యాక్షన్ తర్వాత మీడియం మారింది గానీ ఆ లిపి ఆయన చేతిని వదల్లేదు. ఇప్పటికీ పొద్దున్నే ఉర్దూ పేపరు చదివాకే తెలుగు పేపరు. ఈ విషయంలో నాకున్న పెట్టుబడల్లా షార్జాలో చేసిన ఉద్యోగం. ఆఫీసులో నాకు ఒక పక్క లాహోర్ ఆయన, ఇంకో పక్క కరాచీ ఆయన కూర్చునేవారు. కరాచీ ఆయన తాతలది లక్నో వైపు. ఇద్దరిదీ ఒకే పాస్‌పోర్టు, ఒకే నమాజు, రాసేది ఒకే ఉర్దూ. అయినా లాహోర్ ఆయన 'నేను వెళ్ళాలి' అనడానికి 'మైనే జానా హై' అన్నప్పుడల్లా కరాచీ ఆయన ఎడమ కనుబొమ్మ ఒక్కటే పైకి లేచేది. ఆయన లెక్కలో అది 'ముఝే జానా హై'. పైకి ఏమీ అనేవాడు కాదు. అనకపోవడం కూడా ఆయన మర్యాదలో భాగమే. నా హైదరాబాదీ ఉర్దూకైతే రెండు కనుబొమ్మలూ లేచేవి.

"మీ జోకుల సంగతి సరే, నేను కళ్ళారా చూసింది చెప్తాను. లాహోర్ ఆయన ఫోన్లో వాళ్ళమ్మతో పంజాబీలో పోట్లాడుతుంటాడు. మధ్యలో ఆయన కూతురు ఫోన్ లాక్కుంటుంది. అదే క్షణంలో ఈయన ఉర్దూలోకి దిగిపోతాడు. గొంతు కూడా మారుతుంది, సూటూ బూటూ వేసుకున్నట్టు. ఎందుకండీ అంటే, పంజాబీ మాట్లాడితే స్కూల్లో నవ్వుతారు అన్నాడు. కరాచీ ఆయనింట్లో పిల్ల మాటలో ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే అన్నం ముందు నుంచి లేచి మరీ దిద్దుతారు. 2017 జనాభా లెక్కల్లో పాకిస్తాన్‌లో పంజాబీ మాతృభాష అన్నవాళ్ళు నూటికి 39 మందికి దగ్గర, ఉర్దూ మాతృభాష అన్నవాళ్ళు 7. ముప్ఫైతొమ్మిది మంది తమది దాచుకుంటుంటే, ఏడుగురు తమది కాపలా కాస్తున్నారు. నాకు తోచింది ఏంటంటే, పంజాబీవాడి కింద నేల ఉంది. ఊరుంది, పొలముంది, కులబంధువుల బిరాదరీ ఉంది, సైన్యంలో మేనమామ ఉన్నాడు. భాష పోయినా ఏం పోదని ధీమా. ఉర్దూవాడు అన్నీ వదిలేసి వచ్చాడు. మూటలో మాట తప్ప ఏం తెచ్చుకోలేదు. అందుకే ఆ కాపలా."

పెద్దనాన్న కళ్ళజోడు తుడుచుకున్నారు. ఒప్పుకునే ముందు కాదు, ఖండించే ముందు చేసే పని అది.

"బాగనే ఉన్నది. కాని 1947ల అన్నీ వదిలేసి వచ్చింది ఉర్దూవాడొక్కడేనా? అమృత్‌సర్, జలంధర్, లుధియానా నుంచి వచ్చినోళ్ళు ఎవరు? 1951 లెక్కల్ల పాకిస్తాన్ మొత్తం మీద 70 లక్షలకు పైన కాందిశీకులు. అందుల ఎక్కువమంది దిగింది పంజాబ్‌లనే. నెత్తుటి మీద నడుచుకుంట వచ్చిన్రు. లక్నో, హైదరాబాద్ నుంచి వచ్చినోళ్ళల్ల చానమంది తర్వాత కొన్నేండ్లకు కూడా రైళ్ళల్ల, ఓడల్ల వచ్చిన్రు. మరి అందరికంటె ఎక్కువ పోగొట్టుకున్న ఆ పంజాబీ కాందిశీకుడు తన భాషకు కాపలా ఎందుకు కాయలే?"

ఇది నేను ఆలోచించని కోణం. కాసేపాగి, "వాళ్ళు దిగిన చోట మాట్లాడేది కూడా పంజాబీయే కదా" అన్నాను.

"అదీ సంగతి. సిక్కు రైతులు వదిలిపోయిన పొలాలు వాళ్ళకు రాసిచ్చిన్రు. పక్క పొలంల వాళ్ళ బిరాదరీవాడే ఉన్నడు. అరాయీ అయితే అరాయీ, జాట్ అయితే జాట్. ఒక తరంల కాందిశీకుడన్న మాటే మాయమైంది. కరాచీల దిగినోడికి ఎదురైంది సింధీ. నువ్వు వదిలిన నేల గాదు బిడ్డా, నువ్వు దిగిన నేల నిన్ను తయారు చేస్తది. ఇంకోటి విను. ఢిల్లీవాడు, లక్నోవాడు, బిహారీ, భోపాలీ, మన హైదరాబాదీ, వీళ్ళంతా ఒకటేనని ఎవరన్నరు? ఇక్కడ ఉన్నప్పుడు లక్నోవాడు మన దక్కనీ వింటే చెవులు మూసుకునేటోడు. వాళ్ళంతా ఒక జాతి అయింది కరాచీ పోయినంకనే."

అది నిజమే. కరాచీలో బర్న్స్ రోడ్డు అంటే ఢిల్లీవాళ్ళ నిహారీ. హైదరాబాద్ కాలనీ అంటే ఊరగాయలు, బగారా బైంగన్, మిర్చీ కా సాలన్. 1944లో చనిపోయిన మన హైదరాబాదు నాయకుడు బహదూర్ యార్ జంగ్ పేరు మీద బహదూరాబాద్ అని ఒక పేటే ఉంది. అక్కడి కూడలిలో ఒక చిన్న చార్మినార్ కూడా కట్టుకున్నారు. ఇన్ని వంటలూ, ఇన్ని యాసలూ ఒక్క 'ఉర్దూ మాట్లాడేవాళ్ళు' అన్న పేరు కిందికి ఎలా వచ్చాయంటే, చుట్టూ ఉన్నవాళ్ళు అలా పిలిచారు కాబట్టి. ఇంట్లో మాత్రం ఎవరి చింతపులుసు వాళ్ళదే.

"అయితే ఇద్దరి మధ్యా తేడాయే లేదంటారా?" అన్నాను. కాస్త ఉక్రోషంగానే అన్నాను.

"లేదని ఎవరన్నరు? తేడా భాషల లేదంటున్న. ఇద్దరి ఇండ్లల్లకు పోయినవ్ గదా. ఏం చూసినవ్, అది చెప్పు."

చూసింది చాలా ఉంది. లాహోర్ ఆయన చెల్లెలి పెళ్ళి షార్జాలోనే చేశారు. పెళ్ళికి వారం ముందు నుంచీ రాత్రిళ్ళు ఢోల్కీ. ఒకమ్మాయి ఢోల్కీ వాయిస్తుంటే ఇంకో అమ్మాయి ఎదురుగా కూర్చుని స్టీలు చెంచాతో దాని చెక్క మీద టకటకా కొడుతుంది. తాళం తప్పుతుంది, పదాలు మర్చిపోతారు, వియ్యపురాలి మీద ఎగతాళి పాటలు అప్పటికప్పుడు కట్టేస్తారు. నన్ను కూడా లాగి కూర్చోబెట్టి తెలుగులో ఏదో ఒకటి పాడమన్నారు. కరాచీ ఆయనింట్లో పెళ్ళికీ ఢోల్కీ పెట్టారు. కానీ అక్కడ బాగా పాడేవాళ్ళే పాడారు. మిగతావాళ్ళం 'వాహ్' అన్నాం. ఆ 'వాహ్' ఎక్కడ అనాలో కూడా ఒక లెక్కుంది. తప్పు చోట అంటే పాడుతున్నావిడ మర్యాదగానే నవ్వుతుంది, పక్కనున్న పెద్దావిడ మాత్రం తల తిప్పి చూస్తుంది.

"ఒకళ్ళది మేళా, ఇంకొకళ్ళది ముషాయిరా" అన్నాను. "లాహోర్‌లో షా హుసేన్ దర్గా దగ్గర చిరాగుల మేళా జరుగుతుంది కదా, అక్కడ ప్రేక్షకుడంటూ ఎవరూ ఉండరు, అందరూ ఆడేవాళ్ళే. ముషాయిరాలో కవి వేరు, వినేవాడు వేరు. అందుకే పంజాబీలో అందరూ లోపలే, ఉర్దూలో అర్హత ఉన్నవాడే లోపల."

"ఇది తప్పు. ముషాయిరాల వినేటోడు లేకుంటే కవి లేడు. మొదటి చరణం మళ్ళీ చదువుమని అడిగేది వాడే, రెండో చరణం ఎక్కడ పడతదో ముందే పట్టుకునేది వాడే. వాడూ లోపలివాడే. కాకపోతే లోపలికి రానీకి నేర్చుకోవాలె. మేళాకు పుడితే చాలు. ఇక్కడ నువ్వన్నది సగం నిజం. ఒకచోట పుట్టుక చేర్చుకుంటది, ఇంకోచోట శిక్షణ చేర్చుకుంటది."

"అయితే ఉర్దూ సంస్కృతే ఎక్కువ ఉదారం అన్నమాట. ఎవరు నేర్చుకుంటే వాళ్ళది."

"అనుమానమా? ఇక్బాల్‌ది సియాల్‌కోట్. ఫైజ్‌దీ అటు దిక్కే. మంటో లుధియానా జిల్లాల పుట్టిండు. ఇరవయ్యో శతాబ్దంల ఉర్దూను నిలబెట్టిన పేర్లల్ల సగం పంజాబీ ఇండ్లల్లవే. 1857 తర్వాత ఢిల్లీ కూలిపోతే ముహమ్మద్ హుసేన్ ఆజాద్ బతుకుదెరువుకు పోయింది లాహోర్. హాలీ పనిచేసింది లాహోర్ల. 1874ల వాళ్ళిద్దరూ కొత్త రకం కవిత్వానికి బాటేసింది లాహోర్ల. అక్కడి మహమూద్ షీరానీ అయితే 1928ల, అసలు ఉర్దూ పుట్టిందే పంజాబ్‌ల అని పెద్ద పుస్తకమే రాసిండు. దానికి ఐదేండ్ల ముందే మన నసీరుద్దీన్ హాష్మీ దక్కన్ గొప్ప చెప్పుకుంట ఇంకో పుస్తకం రాసిండు. తల్లినని చెప్పుకోనీకి ఇంతమంది వచ్చిన భాష ఇంకోటి చూపెట్టు."

"మరి ఇంత చేసిన పంజాబీవాడిని 'మైనే జానా హై' అన్నందుకు కనుబొమ్మ ఎత్తి చూడటం ఏం ఉదారం?"

దానికాయన జవాబు చెప్పలేదు. నాకు పుట్టుక వైపు మాట్లాడాలనిపించింది. ఎందుకంటే లాహోర్ ఆయన భార్య చూపించిన పుస్తకం ఒకటి నా మనసులో మెదులుతోంది. మామూలు లెక్కల పుస్తకం. పెళ్ళిలో ఎవరు ఎంత డబ్బు పెట్టారో, ఎన్ని జతల బట్టలు తెచ్చారో పేరుపేరునా రాసుంది. పంజాబీ పల్లెల్లో దీన్ని 'వర్తన్ భాంజీ' అంటారు. మన చదివింపుల పుస్తకమే కదా అనుకున్నాను. ఒక తేడా ఆవిడే చెప్పింది. మనింట్లో కార్యానికి అవతలివాళ్ళు వెయ్యి పెడితే, మనం తిరిగి పెట్టేటప్పుడు వెయ్యే పెట్టకూడదు, ఆ పైన ఎంతో కొంత కలపాలి. సరిగ్గా వెయ్యే పెట్టామంటే లెక్క తేలిపోయింది, ఇక రాకపోకలు వద్దు అని. బాకీ ఎప్పుడూ ఎవరో ఒకరి మీద మిగలాలి. మిగిలితేనే చుట్టరికం.

ఇది చెప్పగానే పెద్దనాన్న లేచి కూర్చున్నారు. "చూసినవా! మర్యాద పనిచేసేది దీనికి రివర్సుల. లక్నోవాడి తహజీబు ఎందుకు? ఎదుటివాడికి ఏం బాకీ పడకుండ, వాణ్ణి నొప్పియ్యకుండ, దూరంల నిలబడి గౌరవం ఇయ్యనీకి. కొత్తవాడితోని బతకనీకి అది పనికొస్తది. బాకీ పుస్తకం తెలిసినోడితోని బతకనీకి పనికొస్తది. పట్నానికి ఒకటి, పల్లెకు ఒకటి. లాహోర్ పెద్ద పట్నమే అయినా దాని వెనక పల్లెలు ఉన్నయ్. కరాచీ ఉర్దూవాడి వెనక పల్లె లేదు, సరిహద్దు అవతల ఉండిపోయింది."

"అంటే నేను మొదట చెప్పిన నేల మాటకే వచ్చారు."

"వచ్చిన, కాని వేరే తొవ్వల వచ్చిన. నువ్వు నేల ఉంటే ధీమా అన్నవ్. ధీమా ఒక్కటే అయితే 1921ల మనోళ్ళు ఎందుకు లేచిన్రు? హైదరాబాద్ల, వివేకవర్ధని సభల ఆలంపల్లి వెంకటరామారావు తెలుగుల మాట్లాడబోతే గేలి చేసి కూసోబెట్టిన్రు. ఆ రాత్రే ఆంధ్ర జన సంఘం పుట్టింది. మనకూ నేల ఉండె, ఊర్లు ఉండె. మాకు భాష పోతే ఏం పోదని మనమెందుకు అనుకోలే?"

దీని మీద మాకు చాలాసేపు పట్టింది. ఇక్కడే అసలు విషయం ఉందని నా అభిప్రాయం. పంజాబ్‌ను ఇంగ్లీషువాళ్ళు 1849లో కలుపుకున్నారు. కోర్టుల్లో, బడుల్లో ఉర్దూ పెట్టారు. బుల్లే షా, వారిస్ షా లాంటి కవులున్న భాషకి సర్కారు గుమ్మంలో చోటు దొరకలేదు. ఆపైన భాషని మతాలు పంచుకున్నాయి. ముస్లింలకి ఉర్దూ, హిందువులకి హిందీ, గురుముఖి లిపిలో రాసే పంజాబీ సిక్కులకి. ఇంట్లో అందరూ మాట్లాడేది ఒక్కటే, అరుగు మీదికొచ్చి చెప్పుకునేది మూడు. స్వతంత్రం వచ్చాక మన వైపు పంజాబ్‌లో కూడా, రోజంతా పంజాబీ మాట్లాడే హిందువులు ఎంతోమంది జనాభా లెక్కలవాడితో మా భాష హిందీ అనే చెప్పారు. హైదరాబాదు రాజ్యంలో తెలుగుకి ఆ గతి పట్టలేదు. మా భాష తెలుగు అంటే నువ్వు ఫలానా మతమా అని ఎవరూ అనుమానించలేదు. లాహోర్ ముస్లిం పంజాబీ కోసం సభలో లేచి నిలబడితే ముందు ఆ అనుమానానికి జవాబు చెప్పుకోవలసి వచ్చేది. కాబట్టి అతను భాషని వదులుకున్నాడనడం కన్నా, బయట వదిలి ఇంట్లో ఉంచుకున్నాడనడం న్యాయం. ఇప్పుడు ఇంట్లో నుంచి కూడా పోతోంది. అది వేరే కథ, దానికి ఇంగ్లీషువాడు బాధ్యుడు కాడు.

"పంజాబీవాడి సంగతి తేలింది" అన్నాను. "మరి కాపలా కాసినవాడికి ఏం దక్కింది? కరాచీలో ఇప్పుడు పఠాన్ల పిల్లలూ ఉర్దూ మాట్లాడతారు, పంజాబీ పిల్లలూ మాట్లాడతారు. భాష దేశం మొత్తానిది అయిపోయాక ఉర్దూవాడికి సొంతం ఏం మిగిలింది?"

"1984ల పార్టీ పెట్టుకున్నప్పుడు వాళ్ళు భాష పేరు పెట్టుకోలే గదా. మొహాజిర్, అంటే వలసొచ్చినోళ్ళు అని పెట్టుకున్నరు. పెట్టిన పోరగాండ్లల్ల చానమంది పుట్టిందే కరాచీల. వలస వచ్చింది వాళ్ళ అమ్మానాయనలు."

"అంటే పోగొట్టుకున్నదాన్నే ఆస్తిగా రాసుకున్నారు."

"రాసుకున్నరు. 1997ల ఆ మాట తీసేసి ముత్తహిదా, అంటే ఐక్యం అని మార్చుకున్నరు కూడా. కాని నీ లాహోర్ ఆమె పుస్తకం లాంటిది వీళ్ళకు ఒకటి ఉండాలంటే అవతలి పక్క ఒక పేరు ఉండాలె. వీళ్ళకు బాకీ ఉన్నది ఎవరు? లక్నోనా, ఇస్లామాబాదా?"

"సింధీలే వీళ్ళకు బాకీ అనుకున్నారేమో. లేకపోతే 1972లో సింధీని సర్కారు భాష చేస్తామంటే కరాచీ అంతలా ఎందుకు తగలబడుతుంది?"

"పొయ్యి సింధీవాణ్ణి అడుగు" అన్నారు పెద్దనాన్న. "వాని పుస్తకంల ఇచ్చినోళ్ళ పేరు సింధీలనే ఉంటది."