తండ్రియు పెరటి పాదును

ధ్యాన భాగములు: 1 తిమోతి 5:3-16, ద్వితీయోపదేశకాండము 11:10-12, యిర్మీయా 29:4-7



కొన్ని యేండ్ల క్రిందట గిద్దలూరు ప్రాంతమందలి యొక చిన్న పల్లెకు ఆదివారపు ఆరాధనకై వెళ్లితిమి. వరుసగా వానలు తప్పిన కాలమది. ఆ యుదయము మేము తీసికొనిన వాక్యము 1 తిమోతి 5:8. తన యింటివారి అక్కర చూడనివాడు అవిశ్వాసికంటె హీనుడని అపొస్తలుడు చెప్పిన సంగతి మీరెరుగుదురు. ఆ మాట పట్టుకొని తండ్రులను గట్టిగా గద్దించితిమి. ఇంటి వెనుక చోటుండియు ఒక్క పాదైనను పెట్టనివారు, కూలి డబ్బు త్రాగుడునకు పోసి పిల్లలకు గంజి మిగిల్చువారు, ఇంటి భారము భార్య నెత్తిన పెట్టి ఊళ్లు పట్టి పోవువారు అని అందరిని ఒకే త్రాటికి కట్టితిమి. ప్రసంగము బాగుగా సాగినదని కూడ మాకు తోచినది.

ఆశీర్వాదము ముగిసిన వెంటనే వెనుక వరుసలో కూర్చున్న నడివయస్సు మనుష్యుడొకడు ఎవరికిని వందనము చెప్పక వెళ్లిపోయెను. అతడు హైదరాబాదులో కట్టడపు పని చేయుచు ఏడాదికి రెండు మూడు మారులు మాత్రమే ఇంటికి వచ్చుచున్నాడనియు, వేయించిన రెండు బోర్లును ఎండిపోయి అప్పు మాత్రము మిగిలినదనియు, పంపు డబ్బులో సగము వడ్డీకే చాలుచున్నదనియు సంఘపెద్ద మాకు చెప్పెను. మధ్యాహ్నపు భోజనము మా గొంతు దిగలేదు. ప్రొద్దు వాలగానే అతని యింటికి పోతిమి.

అతడు కోపపడలేదు. మంచము వాల్చి, మంచినీళ్లిచ్చి, మమ్మును ఇంటి వెనుకకు పిలుచుకొని పోయెను. పెరడనుటకు అది యెంత? నాలుగు మంచములు పట్టు చోటు. అంట్లు తోమిన నీళ్లు పారు మూలను ఒక మునగచెట్టు, దాని ప్రక్కను నాలుగు గోంగూర మొక్కలు, ఇంటి కప్పుమీదికి ప్రాకిన సొరతీగ. "పోయిన తూరి పనికి పోయేముందర ఈ కొమ్మ నాటి పోయినా అయ్యగారూ. నేను లేకపోయినా పిల్లోళ్లకు ఆకన్నా ఉంటదని," అనెను. కొంతసేపు ఊరకుండి, నేలవైపు చూచుచు అడిగెను: "మీరు చెప్పిన వాక్యం నన్ను గురించేనా? దూరాన ఉండి డబ్బులు పంపితే ఇంటోళ్లను సాకినట్టా, కాదా?"

ఆ దినమున మేము చెప్పిన జవాబు జవాబు కాదు. ప్రార్థన చేసి వచ్చితిమి. ఈ నెల ఇక్కడ వ్రాయుచున్నది అప్పుడు చెప్పవలసియుండిన మాట.

మొదట ఆ వాక్యమునే సరిగా చదువుకొందము. ఎనిమిదవ వచనమును మేము దాని చుట్టునున్న వచనములనుండి త్రుంచి తెచ్చితిమి. పౌలు అక్కడ వ్రాయుచున్నది విధవరాండ్రను గూర్చి. ముసలి తల్లిని, అవ్వను చూడవలసిన పిల్లలును మనుమలును ఆ భారమును సంఘముమీదికి నెట్టరాదని నాలుగవ వచనములో చెప్పి, ఆ వరుసలోనే ఎనిమిదవ వచనమునకు వచ్చెను. పదునారవ వచనములో, ఎవరును లేని విధవరాండ్రను సంఘమే ఆదుకొనవలెనని ముగించెను. అనగా ఆ భాగమంతయు, చేయగలిగియుండి తప్పించుకొనువారికి గద్దింపు. చేయజాలనివారికి సంఘము చేయందించు ఏర్పాటు. చేయవలెనని తపించుచు చేయలేకపోవువానిని కొట్టుటకు అది కర్ర కాదు. మేము దానిని కర్రగా వాడితిమి.

మరియొకటి. సంరక్షించుట అని మనము చదువుకొను చోట గ్రీకు మూలములోనున్న మాటకు ముందుగా తలపోయుట అని భావము. రేపు వీరికేమి కావలెనో నేడే ఆలోచించుట. ఇది సంపాదించుటకంటె వేరైన పని. సంపాదించినవాడెల్ల ముందు తలంచినవాడు కాడు. సాయంకాలము నోట్లు లెక్కపెట్టి భార్య చేతిలో పెట్టి, ఇక నా బాధ్యత తీరినదనుకొని అరుగెక్కు తండ్రి ఇంటనే యుండియు ఇంటిని తలంపక యుండవచ్చును. బస్సెక్కు ముందు అంట్ల నీళ్లు పారుచోట మునగకొమ్మ నాటినవాడు, ఐదారు నెలల తరువాతి యొక మధ్యాహ్నమును, పిల్లల కంచములను, కూర లేని దినమును ముందే చూచెను.

"పెరడు ఆడవారి పని" అను మాట మన పల్లెలలో తరచుగా వినబడును. దేవుడు మొదటి మనుష్యుని తోటలో ఉంచినపుడు దానిని సేద్యపరచుటకును కాచుటకును ఉంచెనని ఆదికాండము రెండవ అధ్యాయములో నున్నది. అప్పటికింకను హవ్వ లేదు, బిడ్డలు లేరు. తండ్రి కాకమునుపే అతనికి తోటపని వచ్చెను. అయితే పాదు పెట్టినంత మాత్రమున తండ్రి నీతిమంతుడగునని చెప్పజాలము. కయీను నేలను సేద్యపరచినవాడే. నోవహు జలప్రళయము తరువాత ద్రాక్షతోట వేసి, దాని రసము త్రాగి, తన కుమారుల యెదుట సిగ్గు పాలాయెను. తోట మంచిదే, తండ్రి మంచివాడే, అయినను ఇంటికి అవమానము వచ్చెను. త్రాగుడు సంగతి మేమింతకంటె చెప్పనక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకు ఎదురు నిలిచినపుడు, తమ పిల్లల కూడు ఎవరి గొంతులో దిగుచున్నదో వారు స్పష్టముగా చెప్పిరి. వారు లేవనెత్తిన ఉద్యమమువలననే 1993లో రాష్ట్రమున సారా నిషేధము వచ్చినది. ఆ వాక్యము అట్టి తండ్రులకు అప్పుడును చెల్లినది, ఇప్పుడును చెల్లును.

ఇక మన నేల సంగతి. ద్వితీయోపదేశకాండము పదునొకండవ అధ్యాయములో మోషే రెండు విధములైన దేశములను చూపెను. ఐగుప్తులో విత్తనము చల్లి, కూరతోటకు కట్టినట్లు కాలితో నీరు కట్టుకొనవచ్చును. కనాను కొండలు లోయలుగల దేశము, ఆకాశమునుండి పడు వాననే త్రాగును. ఈ మాట చదివినప్పుడెల్ల మాకు మన ప్రాంతమే కనబడును. విజయనగర రాజుల కాలమున కొండల నడుమ గుండ్లకమ్మకు కట్ట వేసి నిలిపిన కంభం చెరువు క్రింది పొలములు కొంత ఐగుప్తు వంటివి. అదియు చెరువు నిండిన సంవత్సరములలోనే. తక్కిన మార్కాపురము, గిద్దలూరు సీమ చాలవరకు కనానే, మబ్బువైపు చూచుచుండు నేల. బోర్లు వందల అడుగులు దిగినను నీరు నిలకడగా నుండదు. వచ్చిన నీటిలోను అనేక గ్రామములలో ఫ్లోరైడు, లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాముల మితిని దాటియుండి పిల్లల పండ్లమీద గార కట్టించును, పెద్దల కీళ్లు బిగియజేయును. కృష్ణానది నీటిని నల్లమల క్రింది సొరంగములగుండ తెచ్చుటకు వెలిగొండ ప్రాజెక్టునకు 1996లో శంకుస్థాపన జరిగినది. ఆనాడు తండ్రి భుజముమీద కూర్చుండి ఆ వార్త వినిన పిల్లలు నేడు తామే తండ్రులైరి.

ఇట్టి నేలమీద నిలిచి, పెరడు పచ్చగా లేదు గనుక నీవు మంచి తండ్రివి కావని ఒకనితో చెప్పుట ఎంత న్యాయము? ఆకాశము మూయబడినప్పుడెల్ల ఆ యింటి తండ్రి పాపమే కారణమని చెప్పువారు కూడ మనలో నున్నారు. పుట్టు గ్రుడ్డివాని విషయమై శిష్యులడిగిన ప్రశ్న అటువంటిదే; ప్రభువు దానిని ఒప్పుకొనలేదు.

మన తాతముత్తాతల చరిత్ర కూడ ఇక్కడ జ్ఞాపకము చేసికొనవలెను. 1876 మొదలు 1878 వరకు ఈ దేశమును కాల్చిన గొప్ప కరువును మన పెద్దలు ధాత కరువనిరి. మార్కాపురము, కంభము అప్పుడు కర్నూలు జిల్లాలోనివి. 1877లో ప్రభుత్వము కరువు పనివారికిచ్చు ధాన్యమును దినమునకు ఒక పౌనుకు తగ్గించగా, అది కష్టపడి పనిచేయు శరీరమునకు చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ వాదించెను. ఆ కాలమున ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు, తాము యౌవనమున భూమి కొలతల పని నేర్చినవారు గనుక, బకింగ్‌హాము కాలువలో కొన్ని మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొనిరి. దూర గ్రామములనుండి మనుష్యులు వచ్చి మన్ను త్రవ్వి కూలి తీసికొనిరి. సువార్తికులే వారికి మేస్త్రీలైరి. సహాయము కొరకే మతము పుచ్చుకొందురేమోయని ఆ కరువు కాలమంతయు క్లౌ దొరగారు బాప్తిస్మములు ఆపివేసిరి. అటు తరువాత 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద, మన కంభం చెరువునుండి పారివచ్చు అదే గుండ్లకమ్మలో, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ సంఖ్య మనము పండుగ సభలలో చెప్పుకొందుము. ఆ కాలువగట్టుమీద మన్ను మోసినవారు ఎవరో మాత్రము అంతగా తలంపము. ఇల్లు విడిచి, కొందరు ఇంటివారిని వెనుక విడిచి, దూరదేశమున కూలికి పోయిన తండ్రులు వారు. వారిలో అనేకులకు సొంతమని చెప్పుకొనుటకు ఒక సెంటు భూమి లేదు. వారిని అవిశ్వాసికంటె హీనులని ఎవరును అనలేదు. వారి చేతికి పలుగు పార ఇచ్చి, ఆ కూలి ఇంటికి చేరు మార్గము చూపిరి. హైదరాబాదు బస్సెక్కు నేటి తండ్రి ఆ కాలువగట్టు తండ్రికి మనుమని మనుమడే.

అయినను ఆ సహోదరుని ప్రశ్న ఇంతటితో తీరినదని మేము చెప్పము. "నీ తప్పు లేదు, పోయి రా నాయనా," అని వీపు తట్టి పంపుట సులభము. అదియు ఒక విధమైన అబద్ధమే. ఇంట కూర్చుండునప్పుడును త్రోవను నడుచునప్పుడును దేవుని మాటలు పిల్లలతో మాటలాడుమని ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయము తండ్రికి ఆజ్ఞాపించినది. అది డబ్బుతో పంపదగినది కాదు. ఫోనులో కొంత చెప్పవచ్చును, కొంతయే. చిక్కుడు పందిరికి కొయ్యలు పాతునప్పుడు కొడుకు చేతికి త్రాడిచ్చి పట్టుకొమ్మనుట, మొలక రాని గుంతలో మరల గింజ పెట్టుట, కాచిన మొదటి కాయ పొరుగింటి ముసలమ్మకు బిడ్డచేత పంపుట, ఇవి దగ్గరనున్న తండ్రి నోరు విప్పకయే నేర్పు పాఠములు. దూరముననున్నవాని పిల్లలకు అవి తగ్గును. అది నష్టము. నష్టమును నష్టమనియే చెప్పవలెను. కాని నష్టము వేరు, దోషము వేరు. దోషమునకు క్షమాపణ కావలెను. నష్టమునకు తోడు కావలెను. మేము ఆ యుదయము తోడు కావలసినవానికి క్షమాపణ వేడుకొమ్మని చెప్పి వచ్చితిమి.

బబులోనుకు కొనిపోబడినవారికి యిర్మీయా వ్రాసి పంపిన పత్రికను చూడుడి. రేపో మాపో ఇంటికి పోదుమని ఎదురుచూచుచున్నవారితో అతడు, తోటలు నాటి వాటి ఫలములు తినుడని చెప్పెను. డెబ్బది యేండ్ల మాట అది. నాటిన చేయి మరల యెరూషలేము చూడదని తెలిసియే ఆ మాట వ్రాసెను. తండ్రి నాటునది తన నోటికి కాదు.

ఇంటనున్న తండ్రులకు, మాసమునకొకమారైనను వచ్చువారికి కొన్ని సంగతులు చెప్పవలెను. చోటు లేదనువారు సొరతీగను కప్పుమీదికి, బీరను దడిమీదికి ఎక్కింపవచ్చును. పగిలిన కుండలో కొత్తిమీర వచ్చును. నీళ్లు లేవనువారి యింట కూడ ప్రతిదినము బియ్యము కడుగుదురు, అంట్లు తోముదురు, స్నానము చేయుదురు. ఆ నీరు వీధిలో బురదగాక, మునగ, అరటి, బొప్పాయి మొదళ్లకు పోవునట్లు జానెడు కాలువ తీయుట మగవాని యొక పూట పని. అన్నిటిలో మునగ ఎండకు ఓర్చునది. దాని యాకులో సున్నపు ధాతువు, ఇనుము మెండుగా నున్నవి. పాలు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ వంటివి తిను శరీరము ఫ్లోరైడు కీడును కొంత తట్టుకొనునని వైద్యులు చెప్పుదురు. అంతమాత్రమున మంచినీటికి అది బదులు కాదు. మంచినీటి కొరకు అడుగుట మానవద్దు. పెరడు పెట్టితినను సంతోషములో నీళ్లు పోయు పని యంతయు మరల భార్యమీదను ఆడపిల్లమీదను వేయకుడి. దూరమునుండి బిందె మోసికొని వచ్చునది వారే.

సంఘపెద్దలకు ఒక మాట. తండ్రి వలసపోయిన ఇండ్లు మీ సంఘములో ఎన్నియో మీకు తెలియును. దడి పడిపోయినచోట నిలిపెట్టుటకు, పందిరి వేయుటకు శనివారమున ఇద్దరు ముగ్గురు యౌవనులు పోయిన, అది ప్రార్థన కూటమునకు తక్కువైన పని యని మేమనుకొనము. కానుక పట్టీలో దానికి వరుస లేదు గనుక ఎవరును చేయకున్నారేమో.

గత సంవత్సరము ఆ పల్లెకు మరల పోతిమి. అదే ప్రసంగ పీఠమునుండి అదే అధ్యాయమును, ఈసారి మూడవ వచనమునుండి పదునారవ వచనమువరకు, చదివితిమి. మొదటి ప్రసంగమునకై సంఘము నెదుట క్షమాపణ కోరితిమి. ఆ సహోదరుడు అక్కడ లేడు. పనిమీద హైదరాబాదులోనే యుండెను. ఆరాధన అయిన తరువాత అతని చిన్న కుమార్తె వచ్చి, పాత వార్తాపత్రికలో చుట్టిన మునగాకు కట్ట మా చేతిలో పెట్టి, "మా నాయన నాటిన చెట్టుది," అని చెప్పి పరుగెత్తి పోయెను.