ఎర్రరంగు పేటలు

అప్పు ఇవ్వనన్నంత మాత్రాన పాపమవుతుందా? బ్యాంకు ఉద్యోగిగా నాకిది చిన్న ప్రశ్న కాదు.

1930లలో అమెరికా ప్రభుత్వ సంస్థ హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ నగరాల పటాలు వేయించి, నల్లవారి పేటల్లో దాదాపు అన్నిటికీ ఎర్రరంగు పూయించింది. ఎరుపంటే అప్పు మునిగే చోటు. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ కూడా అలాంటి పేటల్లో ఇంటి రుణాలకు హామీ నిరాకరించింది. అప్పు పుట్టక ఇళ్ళు పాడుపడ్డాయి. పాడుపడ్డ ఇళ్ళే ఎర్రరంగుకు సాక్ష్యమయ్యాయి. 1968లో చట్టం ఆ వివక్షను నిషేధించింది. కాని తాత కొనలేకపోయిన ఇల్లు మనవడికి ఆస్తిగా రాదు కదా!

ఆ కాగితాలపై సంతకాలు పెట్టినవారు నిబంధన పాటించామనే అనుకొని ఉంటారు. ఎదుటి మనిషి జీతం, నడవడి చూడనివ్వని నిబంధన తప్పని పై అధికారికి రాయడం కూడా ఉద్యోగధర్మమే. మాట్లాడకుండా సంతకం పెడితే ఆ పాపంలో మనకూ వాటా ఉంటుంది.