పరుగెత్తువాడు నిలువవచ్చునా?



గడచిన జనవరి 26వ తేదీ ఉదయమున మా కైరుప్పలలో ఒక చిన్న పరుగు పందెము జరిగినది. ఉగాది మరునాటి పిడకల సమరమువలన మా ఊరి పేరు దూరప్రాంతములవారును ఎరుగుదురు గాని, ఈ పందెమును గూర్చి ఊరు దాటి ఎవరును వినియుండరు. ఊరి యువకులు చందాలు వేసికొని, మొదట వచ్చినవానికి వెయ్యి రూపాయలని చాటించిరి. ఊరి మొదట బయలుదేరి, బాటమీద ఒకటిన్నర కిలోమీటరు పోయి, అక్కడ నిలిపిన ఎద్దులబండిని చుట్టి తిరిగి రావలెను. పెద్దలును పరుగెత్తవలెనని పిల్లలు పట్టుబట్టగా, నలువదియైదేండ్లు దాటిన మేమును పంచె పైకి దోపుకొని వరుసలో నిలిచితిమి.

ఆ తెల్లవారుజామున చలి గట్టిగా ఉండెను. నల్లరేగడి చేలమీద మంచు పొగవలె నిలిచియుండెను. గొంగళ్లు కప్పుకొన్న ముసలివారు చలిమంట యొద్దనుండి లేవలేదు. చలికి బిగిసిన కాళ్లను కొంతసేపు నడచి వేడి చేసికొనక, ఒక్కసారిగా వేగముగా పరుగెత్తినయెడల పిక్కలు పట్టుకొనును. ఇది తెలిసియు మాలో ఎవరును పాటింపలేదు. ఈల వినబడగానే అందరమును పరుగందుకొంటిమి.

సగము దూరము పోకమునుపే, మాకు కొంచెము ముందు పోవుచున్న పదునాలుగేండ్ల బాలుడొకడు పిక్క పట్టుకొని బాటప్రక్కన కంకరమీద పడిపోయెను. మోకాలు చెక్కుకొనిపోయి నెత్తురు కారుచుండెను. మేము చూచితిమి. వెనుక ఇంకను కొందరు వచ్చుచున్నారు, వారు లేవనెత్తుదురని తలంచితిమి. దాటిపోతిమి.

అప్పటికే బండిని చుట్టి తిరిగి వచ్చుచున్నవారిలో మొదటివాడు, ఆ బాలుడు పడకమునుపే ఆ చోటు దాటిపోయియుండెను. వాని వెనుకనే రెండవవాడుగా వచ్చుచుండిన పందొమ్మిదేండ్ల పడుచువాడు పడియున్న బాలుని చూచెను. మొదటివానిని అందుకొనుటకు వానికి బలమున్నదని చూచినవారందరు చెప్పిరి. అయినను వాడు బాట దాటి అవతలికి పోయి, బాలుని కూర్చుండబెట్టి, తన తువ్వాలుతో మోకాలికి కట్టు కట్టి, పిక్కను మెల్లగా నిమరనారంభించెను. మేము బండిని చుట్టి తిరిగి వచ్చునప్పటికిని వాడు అక్కడనే యుండెను. ఈసారి మాకు కాళ్లు ముందుకు సాగలేదు. ఇద్దరమును బాలుని చెరియొక భుజము పట్టుకొని ఊరికి వచ్చితిమి. అందరికంటె వెనుక వచ్చినది మేము ముగ్గురమే.

ఎందుకు నిలిచితివని వానిని అడుగగా, “పడినోన్ని చూసి యెట్ల పోతామయ్యా?” అనెను. అంతకంటె ఒక్క మాటయు అనలేదు. కాని ఆ సాయంకాలము వాని తల్లి గడపలో నిలిచి, “వెయ్యి రూపాయలు పోగొట్టుకొని వస్తివి. నిలబడనీకి నువ్వొక్కనివే కనపడితివా? పాస్టరయ్య గూడ పోయినాడు గదా!” అని కోపగించుకొనెను. మేము వాకిటనే యుంటిమి. ఆ మాటకు మాయొద్ద జవాబు లేకపోయెను.

ప్రియులారా, పరుగెత్తువాడు నడుమ నిలువవచ్చునా? అందరు పరుగెత్తినను బహుమానము పొందువాడు ఒక్కడే, కాబట్టి దానిని పొందునట్లు పరుగెత్తుడని అపొస్తలుడైన పౌలు బోధించెను గదా. ఈ మాటను పట్టుకొని మేము ఎన్నియో ప్రసంగములు చేసియున్నాము. కొరింథు పట్టణమునకు దగ్గరలోనే రెండేండ్లకొకసారి గొప్ప పందెములు జరిగెడివి. గెలిచినవాని తలమీద ఆకుల కిరీటము పెట్టెడివారు. ఆ కిరీటము కొన్ని దినములకు వాడిపోవును. సంఘస్థులందరు ఎరిగిన సంగతినే పౌలు ఉపమానముగా తీసికొనెను.

అయితే ఆ రాత్రి దీపము దగ్గర కూర్చుండి ఆ పత్రికను మొదటినుండి చదివితిమి. పందెమును గూర్చిన ఆ మాటకు ముందు ఎనిమిదవ అధ్యాయములో ఏమున్నది? బలహీనుడైన సహోదరునికి అభ్యంతరము కలుగకుండ తన తిండిని సహితము మానుకొందునని అపొస్తలుడు చెప్పుచున్నాడు. తొమ్మిదవ అధ్యాయములోను తనకు న్యాయముగా రావలసినదానిని ఇతరులకొరకు విడిచిపెట్టిన సంగతియే చెప్పి, ఆ తరువాతనే పందెపు మాట ఎత్తుచున్నాడు. కనుక ఆయన పరుగు ఇతరులను దాటిపోవు పరుగు కాదు, ఇతరులను సంపాదించుకొను పరుగు. ఇన్నేండ్లు మేము ఆ వచనమును దాని ఇరుగుపొరుగుల నుండి విడదీసి బోధించితిమి.

మావంటి బోధకులకు సిగ్గు కలిగించు సంగతి మరియొకటి యున్నది. అమెరికా దేశములో ప్రిన్స్‌టన్ వేదాంత పాఠశాల విద్యార్థులు 40 మందిని జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు పరీక్షించి, దాని ఫలితమును 1973లో ప్రకటించిరి. ఆ విద్యార్థులను ఒక్కొక్కరినే ఒక భవనమునుండి మరియొక భవనమునకు మాటలాడుటకై పంపిరి. వారిలో కొందరు మాటలాడవలసినది మంచి సమరయుని గూర్చియే. దారిలో ఒక మనుష్యుడు ద్వారమునొద్ద కూలబడి దగ్గుచు మూలుగుచుండునట్లు ఏర్పాటు చేసిరి. కావలసినంత సమయమున్నదని చెప్పబడినవారిలో నూటికి 63 మంది సహాయపడిరి. ఆలస్యమైనదని త్వరపెట్టబడినవారిలో నూటికి 10 మందియే సహాయపడిరి. సమరయుని గూర్చి మాటలాడబోవుటవలన చెప్పుకోదగిన భేదమేమియు కలుగలేదు. వారి హృదయము చెడ్డది కాదు, తొందర వారి కన్నులను కప్పెను. యెరికో దారిని పోయిన యాజకునికిని ఎక్కడనో వేళ మించిపోవుచున్నదేమో! ఆ చలి ఉదయమున మాకు వేళ మించినదియు లేదు. పిల్లలముందు వెనుకబడుదుమను భయము మాత్రమే యుండెను.

నిలిచినవాడు తరువాత గెలిచిన సంగతియు లోకములో లేకపోలేదు. 1956 మార్చిలో ఆస్ట్రేలియా దేశపు మెల్‌బోర్న్ నగరములో జరిగిన మైలు పందెమునందు రాన్ క్లార్క్ అను యువకుడు పడిపోగా, జాన్ లాండీ అను ప్రసిద్ధుడైన పరుగుగాడు వెనుకకు తిరిగి వచ్చి అతని క్షేమము విచారించి, మరల పరుగెత్తి అందరిని దాటి గెలిచెను. ఇది వినుటకు ఇంపుగా నుండును. కాని నిలిచినవారందరు గెలుతురని మేము మీకు చెప్పజాలము. మా ఊరి పడుచువాడు ఓడిపోయెను. వాని తల్లికి వెయ్యి రూపాయలు నిజముగానే పోయెను.

బహుమానమును ఇద్దరికి పంచుదమని పెద్దలు కొందరనిరి. మేము సమ్మతింపలేదు. మొదట వచ్చినవాడు పడినవానిని చూడలేదు, వాడు న్యాయముగా పరుగెత్తెను. చూడనివానిమీద నేరము లేదు. నేరము చూచి దాటినవానిది. అందరును నిలువనక్కరలేదు, ఒక్కడు నిలిచిన చాలును. అయితే ఆ ఒక్కడు ఎవడు? దగ్గరనుండి చూచినవాడే. ఆ దినమున మొదట చూచినది మేము. మా వంతును మరియొకడు మోసెను, దానికి వెలయు వాడే చెల్లించెను.

ఇక్కడనే ఆ తల్లి మాట మమ్మును విడువలేదు. మనము మందిరములో ఆ పడుచువానిని మెచ్చుకొని ఇండ్లకు పోయినచో, మేలుకు పొగడ్త మనకును నష్టము ఆమెకును మిగులును. ఒకని భారము ఒకడు మోయవలెనని గలతీయులకు వ్రాయబడిన మాట పొగడువారికిని చెందును గదా. ఫిబ్రవరిలో ఆ కుటుంబము ఎప్పటివలెనే సుగ్గికి, గుంటూరు ప్రాంతపు మిరప కోతలకు పోవలసియుండెను. తొమ్మిదవ తరగతి చదువు చిన్న కుమారుడు కూడ బడి మాని వారితో పోవలసియుండెను. అతడు ఇప్పుడు మా యింటనే యుండి బడికి పోవుచున్నాడు. సంఘములోని మూడు కుటుంబములవారు వంతులు వేసికొని రొట్టె పంపుచున్నారు. మొదట ఒప్పుకొన్నవారు పడిపోయిన బాలుని తలిదండ్రులు.

ఇది ఆ పడుచువానికి ఇచ్చిన బహుమానము కాదు. వాడు దేనినీ ఆశించి నిలువలేదు. ఇది మా బాకీ.

పరుగు మానుడని మేము చెప్పము. వచ్చే యేడు పందెము జరిగినయెడల మేమును మరల వరుసలో నిలుతుము, ముందుగా కొంచెము నడచి కాళ్లు వేడి చేసికొందుము. బాటప్రక్కన ఎవడైన పడియుండుట చూచినయెడల, వెనుక ఎవరు వచ్చుచున్నారని తిరిగి చూడకుండునట్లు మాకొరకు ప్రార్థించుడి.