మేతభూమిలో అభావం

ఒక చోట ఫలానా మొక్క లేదని ఎలా తెలుస్తుంది? భారతీయ తర్కంలో ఇది పాత వాదమే. భాట్ట మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధిని, అంటే కనిపించకపోవడాన్ని, విడి ప్రమాణంగా ఒప్పుకున్నారు. నైయాయికులు అభావం, అంటే లేమి, ప్రత్యక్షంగానే తెలుస్తుందన్నారు. షరతు మాత్రం ఇరుపక్షాలకూ ఒకటే: ఉంటే కనబడి తీరవలసినది కనబడనప్పుడే అది లేదని తేల్చాలి. చీకట్లో కుండ కనబడలేదని కుండ లేదనకూడదు.

మేతభూముల పరిశీలకులు బహువార్షిక మొక్కలనే లెక్కించడం వెనక ఉన్నదీ ఈ తర్కమే. ఏకవార్షికాలు వానకు మొలిచి ఎండకు మాడిపోతాయి. వేసవిలో అవి కనబడకపోవడం దేనికీ రుజువు కాదు. కరువును తట్టుకునే పొద నిలిచిన చోటే నిలిచి ఉండాలి. అది కనబడలేదంటే పోయినట్టే.

దక్షిణ ఆస్ట్రేలియాలోని కూనమోర్‌లో 1925లో సుమారు 390 హెక్టార్లకు కంచె వేసి గొర్రెలను ఆపేశారు. పని మొదలుపెట్టినవారు అడిలైడ్ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర ఆచార్యుడు టి.జి.బి. ఆస్బర్న్. గుర్తుపెట్టిన చదరాల్లో మొక్కలను లెక్కించడం, ఒకే స్థానం నుంచి ఫొటోలు తీయడం దశాబ్దాల పాటు సాగాయి. అయితే కంచె పడేనాటికే ఆ నేలను గొర్రెలు బాగా మేసేశాయి. అభావమంటే ఎప్పుడూ దేనిదో ఒకదాని అభావమే. ఆ వస్తువును తార్కికులు ప్రతియోగి అంటారు. అది తెలియనిదే లేమి తెలియదు. 1925కు ముందు ఏ చదరంలో ఏ పొద ఉండేదో లెక్క లేదు కనుక, ఆ పాత నష్టం ఫొటోలో వట్టి నేలగానే పడుతుంది. అభావమంటే వట్టి నేలే తప్ప వేరే వస్తువు కాదన్న ప్రాభాకర మీమాంసకులకు ఇందులో అభ్యంతరం ఉండకపోవచ్చు!

కూనమోర్‌లోని మల్గా అనే చెట్ల విషయం ఇంకా చిక్కు. పెద్ద చెట్లు దీర్ఘాయుష్షు గలవి; ఏళ్లు గడిచినా లెక్క పెద్దగా మారదు. కంచె లోపలి కుందేళ్లు మాత్రం మొలకలను బతకనివ్వలేదు. 1970లలో కుందేళ్లను గట్టిగా అదుపు చేశాకే లేత మల్గాలు నిలదొక్కుకున్నాయి.

ఆంధ్ర పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో అభావం నాలుగు విధాలు. వాటిలో మూడు ఇక్కడ పనికొస్తాయి. చచ్చిన చెట్టు లేమి ప్రధ్వంసాభావం. ఇంకా పుట్టని మొక్క లేమి ప్రాగభావం, కానీ ఆ మాట చెల్లాలంటే మొక్క ఎప్పటికైనా పుట్టాలి. పుట్టకపోతే అది మూడు కాలాల్లోనూ లేనిదే, అత్యంతాభావమే. కుందేళ్లు అదుపులోకి రాకముందు కూనమోర్‌లో మొలకలు లేని చదరాన్ని చూసినవారికి ఈ రెంటిలో అది ఏదో తేల్చే దారి లేదు. ఎన్ని మొక్కలు ఉన్నాయన్న లెక్క ఆ తేడాను పట్టుకోలేదు.