రానివాడి పేరు

డిసెంబర్ 7
చదువవలసిన భాగం: 2 సమూయేలు 23:8–39

పెన్షన్ తీసుకునే మాజీ సైనికుడు ఏటా నవంబరులో తాను బతికే ఉన్నానని రుజువు చూపాలి. అందుకే ఆ నెలలో మా హోసూరులో బ్యాంకు తలుపులు తియ్యకముందే మెట్ల మీద కొందరు పెద్దవాళ్లు చేరతారు. బాగలూరు నుంచి ఒకరు, కెలమంగలం నుంచి ఒకరు, సూళగిరి నుంచి ఇద్దరు. తలకు మఫ్లరు, చంకలో సంచి, సంచిలో పెన్షన్ కాగితాలు. లోపలికి వెళ్లాక వేలిముద్ర యంత్రం దగ్గర అసలు తంటా. రాగి చేలల్లో కొడవలి పట్టి అరిగిపోయిన వేళ్లు ఒక పట్టాన ఆనవు. తడిచేసి, తుడిచి, మళ్లీ పెడతారు.

మొన్న నవంబరులో మా హవల్దార్ మామకు తోడుగా నేనూ వెళ్లాను. అందరి పనీ అయ్యేసరికి పదకొండు దాటింది. అయినా ఎవరూ కదలరు. "బేరికె వాడు యాడరా?" అన్నాడు ఒకాయన. ఇంకొకాయన ఫోన్ చేశాడు. అవతల ఆడమనిషి గొంతు. ఆయన విని, "సరేమ్మా, సరేమ్మా" అని, ఫోను మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. ఏమైందని ఎవరూ అడగలేదు. కాసేపటికి మామ ఒక నంబరు చెప్పాడు. అంకె వెంట అంకె, తడబాటు లేకుండా. తర్వాత ర్యాంకు. ఆ తర్వాత పేరు. సైన్యంలో మనిషిని చెప్పే వరుస అదే. యాభై ఏళ్ల కిందటి హాజరులో ఆ మనిషి ఎక్కడ నిలబడేవాడో అక్కడే మళ్లీ నిలబెట్టి పిలిచినట్టుంది.

ఆ రాత్రి ఇంటికొచ్చి దావీదు శూరుల జాబితా తెరిచాను. ఇన్నేళ్లూ ఆ భాగాన్ని గబగబా దాటేసేవాణ్ణి. నోరు తిరగని పేర్లు, ఊళ్లు, తండ్రుల పేర్లు. వాటిలో నాకేముంది అనుకునేవాణ్ణి. దావీదు కడపటి మాటలు ముగిశాక బైబిలు ఆయన ఖజానా లెక్క చెప్పదు, కోటల లెక్క చెప్పదు. పక్కన నిలబడ్డవాళ్ల పేర్లు చదువుతుంది. చెయ్యి కత్తికి అంటుకుపోయేదాకా పోరాడిన ఎలియాజరు. మంచు కురిసిన రోజున గుంటలోకి దిగి సింహాన్ని చంపిన బెనాయా. షమ్మా సంగతైతే మా ప్రాంతంవాళ్లకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. జనమంతా పారిపోతుంటే ఆయన ఒక్కడే నిలబడి కాపాడింది కోటనో నగరాన్నో కాదు, అలచందల చేనిని. రాగిలో సాళ్లు తీసి అలసంద, అనప వేసుకునే మాకు చేను పోతే ఏం పోతుందో తెలుసు.

ఆ తర్వాత బావి సంగతి వస్తుంది. అది కోతకాలం. దావీదు అదుల్లాము గుహలో ఉన్నాడు. ఆయన సొంత ఊరు బేత్లెహేములో ఫిలిష్తీయుల దండు దిగింది. ఊరి గవిని దగ్గరి బావి నీళ్లు ఎవరైనా తెచ్చి పోస్తే ఎంత బాగుండునని ఆశపడ్డాడు. అది ఆజ్ఞ కాదు, ఇల్లు గుర్తొచ్చిన మనిషి నోట వచ్చిన మాట. ముగ్గురు లేచి దండును చీల్చుకుని వెళ్లారు, నీళ్లు చేదుకుని తెచ్చారు. దావీదు తాగలేదు. ప్రాణాలకు తెగించినవాళ్ల నెత్తురే ఆ పాత్రలో ఆయనకు కనిపించింది. యెహోవా సన్నిధిని పారబోశాడు.

ఆ ముగ్గురూ ఎవరు? ముప్పై మందిలో ముగ్గురు అని మాత్రం రాసి ఉంది. దారి చీల్చిందెవరు, కాపు కాసిందెవరు, చేద వేసిందెవరు, వాక్యం చెప్పదు. ఎందుకు చెప్పలేదో నేను మామ దగ్గర నేర్చుకున్నాను.

మా ప్రాంతానికీ సైన్యానికీ పొత్తు పాతది. మత్తిగిరి పశువుల ఫారం 1824లో మొదలైంది సైన్యానికి గుర్రాలను పెంచడానికే. ఇక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలో, బెంగళూరు అలసూరు చెరువు పక్కన మద్రాస్ సాపర్ల కేంద్రం ఉంది. 1780లో పుట్టిన దళం అది. వంతెనలు కట్టడం, దారులు వెయ్యడం, మైన్లు ఏరివెయ్యడం వాళ్ల పని. తెలుగువాడైనా, కన్నడిగుడైనా, మలయాళీ అయినా అక్కడ అందరూ తంబీలే. మామ ఆ తంబీల్లో ఒకడు. సుబేదార్ సుబ్రమణియన్ గురించి సొంత అన్న గురించి చెప్పినట్టు చెబుతాడు. ఆ సుబేదార్ 1944 ఫిబ్రవరి 24న ఇటలీలోని మిగ్నానో దగ్గర, పేలబోతున్న మైను మీద పడుకుని తోటివాళ్లను కాపాడి ప్రాణం విడిచాడు. జార్జ్ క్రాస్ ఆయన పోయాకే వచ్చింది. అప్పటికి మామ పుట్టనే లేదు. అయినా "మా సుబేదార్ సాబ్" అంటాడు.

1971 డిసెంబరులో శకర్‌గఢ్ సెక్టారులో, బసంతర్ నది దగ్గర, సాపర్లు మైన్లు తీసి మన ట్యాంకులకు దారి చేశారు. మామ అక్కడున్నాడు, బేరికె ఆయనా ఉన్నాడు. ఒకడు బోర్లా పడుకుని చువ్వతో నేల పొడుచుకుంటూ ముందు పాకుతాడట. ఇంకొకడు వెనకే తెల్ల పట్టీ పరుచుకుంటూ వస్తాడట. "ముందు పాకింది వాడే. నేను వెనక పట్టీ పరిచినానంతే" అనేవాడు మామ. కొన్నేళ్ల కిందట బేరికె ఆయన మా ఇంటికొచ్చి రాగిముద్ద, పితికిపప్పు తింటూ అదే సంగతి చెప్పాడు. "ముందు పాకింది మీ మామే. నాదేముంది, వెనకాల పట్టీ పరిచినా" అన్నాడు. నేను ఇద్దరి ముఖాలూ చూశాను. ఇద్దరూ ముద్ద మీదికి తల వంచుకున్నారు. ముందు పాకిందెవరో నాకు ఇక ఎప్పటికీ తెలియదు.

తెలుగు క్రైస్తవులం గర్వం అనే మాటను పాపాల వరుసలోనే ఉంచుతాం. అది సరే. కానీ మన బైబిల్లో అతిశయం అనే మాట కూడా ఉంది. యిర్మీయా ప్రవక్త బలవంతుణ్ణి తన బలాన్నిబట్టి అతిశయించవద్దన్నాడు గాని అసలు అతిశయమే వద్దనలేదు. దేవుణ్ణి ఎరిగినందుకు అతిశయించమన్నాడు. పౌలు తాను పోగుచేసిన సంఘాలవాళ్లనే తన అతిశయ కిరీటమన్నాడు. మామ పదిహేడేళ్ల సర్వీసు ముగించి, ఇంకా నడివయసు రాకముందే ఇంటికొచ్చి, సిప్‌కాట్ పారిశ్రామికవాడలో ఒక కర్మాగారం గేటు దగ్గర ఇరవై ఏళ్లు నిలబడ్డాడు. అక్కడ ఆయన్ను వాచ్‌మన్ అని పిలిచేవాళ్లు. ఆయనకది చిన్నతనం అనిపించలేదు. తన ఇనుప పెట్టె మీది తెల్ల అక్షరాల నంబరును మాత్రం ఇప్పటికీ దీపావళికీ క్రిస్మస్‌కూ మధ్య ఒకసారి గుడ్డతో తుడుస్తాడు. ఆ పెట్టెలో ఇప్పుడున్నవి ఉలవలు. ఆ ముఖంలో నేను చూసే వెలుగు తనవల్ల వచ్చింది కాదు. ఎవరి పక్కన నిలబడ్డాడో వాళ్లవల్ల వచ్చింది. దాన్ని పాపమని నేననలేను.

జాబితాను ఇంకా కిందికి చదవండి. దేవుని ఆత్మ ఎవరిని ఉంచాడో, ఎలా ఉంచాడో చూడండి. అమ్మోనీయుడు జెలెకు ఉన్నాడు. ఇశ్రాయేలు ఎవరి మీద కత్తి దూసిందో ఆ జాతివాడు, అదే ఇశ్రాయేలు రాజు శూరుల్లో ఒకడు. సేనాధిపతి యోవాబుకు మాత్రం సొంత వరుస లేదు. ఆయన సోదరులు అబీషై, అశాహేలు ఉన్నారు. ఆయన ఆయుధాలు మోసిన నహరై ఉన్నాడు. మోయించుకున్నవాడు లేడు. ఇక చివరి పేరు హిత్తీయుడైన ఊరియా. అక్కడితో ముప్పై ఏడుమంది.

ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. ఈ ఊరియా భార్యతో చేసిన తప్పును కప్పిపుచ్చుకోవడానికి రాజు పిలిస్తే, రబ్బా ముట్టడి నుంచి ఆయన వచ్చాడు. ఇంటికి పోయి కాళ్లు కడుక్కోమన్నాడు రాజు. ఆయన పోలేదు. మందసమూ తోటివాళ్లూ గుడారాల్లో ఉంటే, తన దళం బయట నేల మీద పడుకుంటే, తాను ఇంట్లో భార్య పక్కన తిని తాగి పడుకోలేనన్నాడు. రాజభవనం గుమ్మం దగ్గర సేవకుల మధ్య పడుకున్నాడు. మర్నాడు రాజు తాగించి చూశాడు. మత్తులో కూడా ఇంటి దారి పట్టలేదు. తోటివాడి మీద మమకారం మత్తులో కూడా తప్పలేదు ఆ పరాయి జాతివాడికి. చివరికి తన చావు ఉత్తరాన్ని తన చేత్తోనే యోవాబుకు మోసుకెళ్లాడు. ఒకప్పుడు తన శూరుల నెత్తురని నీళ్లు పారబోసిన దావీదే ఆ ఉత్తరం రాసింది.

రాజు మర్యాద కాపాడాలనుకునే లేఖకుడైతే ముప్పై ఆరుతో ఆపేసేవాడు. అడిగేవాళ్లెవరు? చచ్చినవాడికి వెనకా ముందూ లేదు. కానీ ఆ పేరు కొట్టివెయ్యలేదు. చివర, అందరికీ కనబడేచోట ఉంచారు. వెయ్యేళ్ల తర్వాత మత్తయి మన ప్రభువు వంశావళి రాస్తూ సొలొమోను తల్లి దగ్గరికి వచ్చినప్పుడు ఆమె పేరు రాయలేదు, ఊరియా భార్య అని రాశాడు. క్రీస్తు వంశంలో ఆ సైనికుడి నెత్తురు లేదు. ఆయన పేరు ఉంది.

అందరి పేర్లూ ఇలా నిలవవు. కృష్ణగిరి కొండకోట మీద 1791లో పెద్ద పోరాటం జరిగింది. దొరల సైన్యం కింది పేటను పట్టుకుంది గాని పై కోట ఎక్కలేక వెనుదిరిగింది. ఆ మెట్లెక్కుతూ నేను రెండు పక్షాల సిపాయిల పేర్లూ ఎక్కడైనా చెక్కి ఉన్నాయేమో అని వెతికాను. నా కంటికి కనబడలేదు. ఢిల్లీలో 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకంలో 25,000కు పైగా పేర్లు రాతి పలకల మీద ఉన్నాయి. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో ఒరిగిన మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు పేరూ, ఆయనతోపాటు పోయిన 19 మంది పేర్లూ అందులో చేరాయి. ఈ రోజు, డిసెంబర్ 7, సాయుధ దళాల పతాక దినం. 1949 నుంచి ఏటా జరుగుతోంది. మీ పిల్లలు బడి నుంచి ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న జెండా తెచ్చి డబ్బు అడిగితే లేదనకండి. అది వీర నారీలకూ మాజీ సైనికులకూ పోయే డబ్బు.

ఆ నవంబరు రోజున ఫోన్ పెట్టేసిన గంటకు ఆరుగురం బేరికె బస్సెక్కాం. దారిపొడవునా వాళ్లు ఆయన గుణగణాలు తలుచుకుంటారనుకున్నాను. వాళ్లు మాట్లాడుకున్నవి కాగితాలు. మరణ ధ్రువీకరణ పత్రం ఎన్ని నకళ్లు కావాలి, డిశ్చార్జి బుక్కులో భార్య పేరూ ఆధార్‌లో పేరూ ఒకటేనా, ఫ్యామిలీ పెన్షన్ మొదలయ్యేదాకా ఆమెకు ఇంట్లో గడిచేదెట్లా. కవాతు కన్నా, పతకాల కన్నా నాకు ఆ బస్సు మాటల్లోనే వాళ్ల స్నేహం నిలువునా కనిపించింది. ఇంటికి చేరాక ఆమె గడప దగ్గరే ఏడ్చింది. "ఆయన పోయి పదకొండు దినాలాయె. మీ నంబర్లు యాడుండాయో నాకు తెలీలేదన్నా" అంది. మామ ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాడు. "మా దగ్గర వాని నంబరుందిలేమ్మా" అన్నాడు.

తిరుగు బస్సు మా సంఘంలోని ఒక పెద్దాయన ఇంటి ముందు నుంచే వచ్చింది. ఆరు నెలలుగా ఆయన ఆరాధనకు రావడం లేదు. కిటికీ పక్కన ఆయన కూర్చునే వరస బల్ల మీద ఇప్పుడు ఎవరో కూర్చుంటున్నారు. ఆయన ఎందుకు రావడంలేదని నేను ఎవరినీ అడగలేదు. బస్సు దిగనూ లేదు.

ప్రార్థన: ప్రభువా, ఊరియా పేరును కొట్టివెయ్యని తండ్రీ, బేరికెలో ఒంటరిగా మిగిలిన ఆ తల్లి కాగితాలు త్వరగా కదిలేలా చెయ్యి. ఆమె బియ్యానికీ మందులకూ లోటు రానివ్వకు. వచ్చే నవంబరు వరకు మామకూ ఆయన తోటివాళ్లకూ నడిచే కాళ్లు ఇవ్వు. సరిహద్దు మంచులో ఈ రాత్రి కాపలా కాస్తున్న మా పిల్లల్ని నీ చేతి కింద దాచు. రేపు పొద్దున మొదటి బస్సుకే నేను ఆ పెద్దాయన ఇంటికి పోతాను. తలుపు తట్టేసరికి నా నోట ఏ సాకూ రానివ్వకు. యేసు నామములో, ఆమేన్.